బిల్లు తారీఖు దాటినంక

నాకు సదువు రాదు. సంతకం పెడత, బస్సు నంబరు గుర్తుపడత, అంతే. నేను చెప్తాంటే నా బిడ్డ రాస్తున్నది.

మా ఆయన నారాయణగూడల ఒక బట్టల దుకాణంల లెక్కలు రాసేటోడు. ఆరు దినాలు ఇంకొకల లెక్కలు రాసి, ఐతారం పొద్దున చిక్కడపల్లిల మా కిరాయింట్ల పాత కంప్యూటర్ ముందల మళ్ల కూసునేటోడు. అండ్ల లెక్కల సాఫ్ట్‌వేర్ ఉండె. క్రెడిట్ కార్డు గీకిన ప్రతి పైసా అండ్ల ఎక్కాలె. ఒక్కో తీరు ఖర్చుకు ఒక్కో రంగు. సరుకులు పచ్చగ, స్కూటర్ నీలంగ, దవాఖాన ఎర్రగ. అక్షరాలు రాకున్నా ఆ రంగులు నాకు తెలుసు.

నేను పక్కన కూసొని బియ్యంల రాళ్లు ఏరేదాన్ని.

"బేస్తారం నాడు ఆర్నూట నలభై. ఏందే?"

"నూనె పాకెట్లు, సర్ఫు. చెయ్యి గుంజుతున్నదని గునుస్కుంట నువ్వే మోసుకొచ్చినవ్ గద."

"ఈ మిషన్ కన్న నీ బుర్రే నయం."

"అయితే నెలకింత జీతం ఇయ్యి."

ఆయనకు ఒక పట్టింపు ఉండె. కార్డుకు నెలకొక దినం బిల్లు తయారైతదట. దానికి ముందు దినం కొంటే పైసలు తొందరగ కట్టాలె. మర్నాడు కొంటే నెల పైన గడువు దొరుకుతది. అందుకని పెద్ద ఖర్చు ఏదైనా బిల్లు తారీఖు దాటినంకనే. ఫ్రిజ్ గట్లనే కొన్నం. ఒక ఎండకాలం ఫ్యాన్ కాలిపోతే, నాలుగు దినాలు అట్టముక్కల తోని ఊపుకుంట కూసున్నం. ఐదో దినం కొత్త ఫ్యాన్ తెచ్చిండు. చూసినవా, గడువు ఎంత మిగిలిందో అని మురిసిండు.

ఆఖరి ఐతారం ఆయన నన్ను అడగలే. తనే చెప్పిండు. "శుక్రారం పద్దెనిమిది వందలు. స్కూటర్ రిపేరు."

"మళ్లనా? ఆ డొక్కుదాన్ని అమ్మెయ్. దానికి పెట్టే పైసలతోని నాకు గ్రైండర్ వస్తుండె."

నవ్విండు. "జర ఆగు. మంగళారం బిల్లు అయితది. బుధారం ఒక పెద్ద ఖర్చు ఉన్నది."

నేను గ్రైండర్ అనుకున్న. వంటింట్ల బండ మీద డబ్బాలు పక్కకు జరిపి జాగ చేసి పెట్టుకున్న.

సోమారం పొద్దున చాయ్ తాగుకుంట ఒరిగిపోయిండు. ఆటోల ఎక్కించేసరికే ఊపిరి లేదు.

పది దినాలకు కార్డు బిల్లొచ్చింది. అశోక్‌నగర్ల ఉండే నా బిడ్డ వచ్చి కూసున్నది. బాకీ కట్టి కార్డు బంద్ చేద్దామని, బిల్లుల ఉన్న ఒక్కో వరుసను ఆయన రాసినదానితోని కలిపి చూసింది. అన్నీ కలిసినయ్. శుక్రారం కాడ ఆగింది.

"అమ్మా, నాయిన స్కూటర్ రిపేరు అని రాసిండు. బిల్లుల ఏదో కంపెనీ పేరున్నది."

"మెకానిక్‌కు కార్డు గీకే మిషన్ ఏడిది బిడ్డా? రోడ్డు మీద కూసునేటోడు. నగదే తీసుకుంటడు."

"అయితే ఎవడో దొంగ గీకిండు. బ్యాంకుకు కంప్లైంట్ పెడత, పైసలు వాపస్ వస్తయ్."

దొంగ ఎట్లయితడు? నా మొగడే నోటితోని చెప్పిండు. ఆయన నాకెందుకు అబద్ధం చెప్తడు? ఆ పద్దెనిమిది వందలు ఏడికి పోయినయో తెలిసేదాక నాకు అన్నం సయించలే. స్కూటర్ తీయమన్న. ఇద్దరం మెకానిక్ దగ్గరికి పోయినం.

"సార్ నా దగ్గరికి రాక మూడు నెలలాయె అక్కా. డిక్కీల ఏమన్న చిట్టీ ఉన్నదేమో చూడుండ్రి," అన్నడు.

డిక్కీల తుడిచే గుడ్డ. దాని కింద మడిచిన పొడుగు కాయితం, గులాబి రంగు, మీద వంకర గీతలు. దానికి ఒక రసీదు గుచ్చి ఉన్నది. రోడ్డు మీదనే నిలబడి బిడ్డ చదివింది. నారాయణగూడల గుండె పరీక్షలు చేసే సెంటర్. పద్దెనిమిది వందలు. రసీదు కింద చిన్న అక్షరాల్ల బిల్లుల ఉన్న కంపెనీ పేరే ఉన్నది. ఈ రోజే దవాఖానల చేరాలని డాక్టర్ చేతిరాత.

బిడ్డ అక్కడ్నే కూలబడి ఏడ్సింది. నాకు ఏడుపు రాలే. బుధారం అన్న మాట చెవుల మోగుతున్నది. పెద్ద ఖర్చు అన్నడు. గ్రైండర్ కాదు.

నన్ను పరేషాన్ చేయొద్దని దాసిండో, తనే భయపడ్డడో, నాకు తెల్వదు. ఫ్యాన్ కోసం ఆగినట్లే ప్రాణం కోసం కూడ ఆగిండు. ఎవరి మీద కోపం చేయాలె? చెయ్యి గుంజుతున్నదన్న మనిషిని ఆ ఐతారం ఎట్లున్నదని కూడ అడగకపోతి. స్కూటర్ మీద కొట్లాడితి.

ఇంటికొచ్చినంక బిడ్డ కంప్యూటర్ల ఆ వరుసను దవాఖాన కిందికి మార్చింది. నీలం పోయింది. ఆ నెలల ఎరుపు అదొక్కటే, గోరంత.

ఇప్పుడు నా లెక్కలు బిడ్డనే రాస్తున్నది. మొన్న అల్లునికి ఛాతిల మంట లేసింది.

"ఐతారం సెలవుంటది, అప్పుడు పోదాం అత్తమ్మా. బజ్జీలు తిన్న, గ్యాసే."

"గ్యాసో కాదో డాక్టర్ చెప్తడు. లే!" అని చెప్పులు కూడ ఏసుకోకుండ ఇంటి దగ్గరున్న లైబ్రరీ కాడ ఆటో ఆపిన.

గ్యాసే. కౌంటర్ కాడ కార్డా, నగదా అని అడిగిండ్రు. కొంగుముడి ఇప్పి ఇచ్చిన. వాపస్ వచ్చేటప్పుడు ఆటోల అల్లుడు నవ్వుతున్నడు. "ఉత్తగనే ఐదొందలు పోయినయ్ అత్తమ్మా."

"పోనీ. ఎర్రదాంట్ల రాయమని చెప్పు మీ ఆమెకు," అన్న.