అద్దంలో కుడిపురి

ఆదోనిలో నేను వృక్షశాస్త్రం చెప్పిన జూనియర్ కాలేజీ పత్తి మార్కెట్‌కు వెళ్ళే దారిలో ఉండేది. పత్తి వచ్చే కాలంలో కిటికీలు మూసినా నల్లబల్ల మీద దూది పింజలు వాలేవి. సుద్దముక్కతో గీసిన గీత మధ్యలో తెగిందంటే అక్కడ పింజ అంటుకుని ఉందని అర్థం. నేను ముందు బల్ల తుడిచి, తర్వాత చేతులు తుడుచుకుని, అప్పుడు హాజరు పిలిచేవాడిని. ఈ వరస తప్పితే ఆ రోజంతా ఏదో మరిచిపోయినట్టు ఉండేది.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. ఎమ్మెస్సీ పూర్తి చేసి వచ్చాను. ఉద్యోగం తాత్కాలికం. వేసవి సెలవులకు ముందు కాలేజీ కమిటీ వచ్చి నా క్లాసులో కూర్చుంటుందని, పాఠం నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తారని, నచ్చకపోతే జూన్‌లో నా స్థానంలో ఇంకొకరు ఉంటారని ప్రిన్సిపాల్ పిలిచి చెప్పారు. పాఠం కూడా ఆయనే చెప్పారు: డి.ఎన్.ఏ. నిర్మాణం, కణం రెండయ్యే ముందు అది తనకు తాను నకలు తయారు చేసుకునే పద్ధతి.

కమిటీ అధ్యక్షుడు ఒక జిన్నింగ్ మిల్లు యజమాని. ఆయనతో పాటు యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్ వస్తారు. ఒకే పాఠం ఇద్దరికీ సరిపోవాలి. బొమ్మ గీసి చెబితే ప్రొఫెసర్‌కు చాలు, మిల్లు యజమానికి చాలదు. ఆయన పుట్టినప్పటి నుంచి దూదిని, దారాన్ని చేత్తో పట్టి చూసిన మనిషి. చేతిలో పెట్టి, విప్పి చూపిస్తేనే ఆయనకు పాఠం అందుతుంది. అందుకని తాడు కావాలనుకున్నాను. రెండు పోగుల తాడు, ఒక పోగు ఎరుపు, ఒకటి తెలుపు. దాన్ని విప్పినప్పుడు జత చేయడానికి విడిగా ఇంకొక ఎర్ర పోగు, ఇంకొక తెల్ల పోగు. వాటి వెంట కట్టడానికి నాలుగు రంగుల నూలు ముక్కలు.

ఎమ్మిగనూరులో మా మేనమామ మగ్గం నేసేవాడు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

ఆ ఇంట్లో అప్పుడు ముగ్గురు. మామ, ఆయన తల్లి అంటే మా అవ్వ, పురిటికి వచ్చిన మామ కూతురు. ఆమె నాకంటే పెద్దది, నాకు వదిన వరస. నెలలు నిండాయి. గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని, లేవాల్సి వచ్చినప్పుడల్లా అవ్వను పిలిచేది.

నేను వచ్చిన పని చెప్పగానే అవ్వ నవ్వింది.

“ఇంత సదువు సదివి, ఆకరికి తాడు పేనేదానికొచ్చినావా నాయనా?”

నవ్విందే కాని, పనికి ముందు ఆమే లేచింది. బట్ట కోసిన తర్వాత మగ్గం మీద మిగిలే పడుగు కొసలన్నీ ఆమె ఒక గోనెసంచిలో దాచేది. వాటిలోంచి ఎర్రవి, తెల్లవి ఏరింది. మామ ఒక్కో రంగు దారాలను కట్టగా చేసి, ఒక కొస మగ్గం గుంజకు కట్టి, రెండో కొసలో పుల్ల దూర్చి తిప్పాడు. పోగు పురెక్కి చేతిలో బిగిసింది. ఇలా నాలుగు పోగులయ్యాక, ఒక ఎర్రదాన్ని, ఒక తెల్లదాన్ని పక్కపక్కన పట్టి కొస వదిలాడు. రెండూ వాటంతట అవే ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకున్నాయి. బొటనవేలంత లావు తాడు తయారైంది.

ఆ తాడు నాకు ఊరకే ఇవ్వలేదు. పాఠం కాగానే తెచ్చి ఇవ్వాలని, పుట్టబోయే బిడ్డ ఉయ్యాలకు తాను ఎటూ తాడు పేనాల్సిందేనని అవ్వ షరతు పెట్టింది. ఒప్పుకున్నాను.

తర్వాత నేను అరుగు మీద కూర్చుని రంగు ముక్కలు కట్టాను. డి.ఎన్.ఏ. పోగుల మీద నాలుగు రకాల క్షారాలుంటాయి. ఒక పోగు మీద అడినిన్ ఉన్నచోట రెండో పోగు మీద థైమిన్ ఉంటుంది, గ్వానిన్ ఉన్నచోట సైటోసిన్ ఉంటుంది. ఈ జతలు మారవు. ఎర్ర పోగు మీద పసుపు కట్టినచోట తెల్ల పోగు మీద నీలం కట్టాను. ఆకుపచ్చకు ఎదురుగా నలుపు కట్టాను. ఒక పోగు పోయినా రెండోదాన్ని చూసి పోయినదాన్ని మళ్ళీ కట్టుకోవచ్చు. పాఠంలో అసలు సంగతి అదే.

కట్టడం అయ్యాక తాడును నిలువుగా పట్టుకుని చూశాను. పురి తప్పు.

డి.ఎన్.ఏ.ది కుడిపురి. నిలువుగా పట్టుకుంటే, మన వైపున్న పోగు కింద ఎడమ నుంచి పైన కుడికి ఎక్కాలి. మామ పేనిన తాడులో కింద కుడి నుంచి పైన ఎడమకు ఎక్కుతోంది. తలకిందులు చేసి చూశాను. దానివల్ల పురి మారదని తెలుసు, అయినా చూశాను. ఇది ప్రొఫెసర్ కంట్లో మొదటి క్షణంలోనే పడుతుంది.

విప్పి అటువైపు పేనమని మామను అడిగాను. అంతవరకు ఏదో పాట తీస్తున్న మామ ఆపాడు. నా వైపు కాకుండా అవ్వ వైపు చూశాడు.

“పెడపురి పేనమంటాండాడమ్మా,” అన్నాడు.

అవ్వ చేతిలో ఉన్న గోనెసంచి కింద పెట్టింది.

“ఆ పురి పాడెకు కట్టే తాడుకే పెడతారు. కడుపుతో ఉండే బిడ్డ ఇంట్లో ఉండంగా పాడె తాడు పేనమంటావా?”

ఆ ఇంట్లో తాడంటే ఒకవైపే పేనుతారు. పలుపైనా, చేదతాడైనా, ఉయ్యాల తాడైనా అదే పురి. మనిషి పోయినప్పుడు మాత్రం అన్ని పనులూ తిరగేసి చేసినట్టే తాడునూ తిరగేసి పేనుతారు. ఈ సంగతి నాకు తెలియదు. పుట్టబోయే బిడ్డ ఒంట్లో ప్రతి కణంలోనూ ఉన్నది ఆ పురేనని చెప్పబోయి ఆగాను. మాట నిజమే కాని, ఆ ఇంట్లో ఆ పూట చెప్పే మాట కాదు.

నా రూముకు తీసుకుపోయి నేనే మార్చుకుంటానేమోనని అవ్వ అనుమానం. తాడు మీద చెయ్యి వేయించి మాట తీసుకుంది. నిజానికి మాట ఇవ్వకపోయినా నా వల్ల అయ్యేది కాదు. పోగుల్లో మామ ఎక్కించిన పురి ఒకవైపుది, తాడు నిలిచేది దాని బలం మీదే. ఎదురు తిప్పితే చెయ్యి తీయగానే విడిపోతుంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె తిన్నాను కాని రుచి తెలియలేదు. తాడు గోడకున్న మేకుకు వేలాడుతోంది. తాడు లేకుండా ఉత్త బొమ్మతో పాఠం చెప్పడమా, తప్పు పురితో నిలబడడమా అని లెక్క వేసుకుంటున్నాను. వదిన నాకెదురుగా అద్దం ముందు కూర్చుని జడ వేసుకుంటోంది. అద్దంలో ఆమె భుజం పక్కన తాడు కనిపించింది. ఎర్ర పోగు కింద ఎడమ నుంచి పైన కుడికి ఎక్కుతోంది.

నేను అలాగే చూస్తుండిపోయాను.

“ఏమప్పా, నన్ను సూస్తాండావా, తాడును సూస్తాండావా?” అంది వదిన అద్దంలోంచే.

“తాడునే వదినా.”

“అదేలే. నన్ను సూసేవాళ్ళెవరు ఇప్పుడు,” అని నవ్వి, జడ ముడి వేసుకుంది. సంగతి చెప్పి అద్దం అడిగితే వెంటనే ఇచ్చింది. పగలగొట్టకుండా తేవాలని అవ్వ రెండుసార్లు చెప్పింది. పురిటి ఇంట్లో అద్దం పగలడం కూడా మంచిది కాదట.

చెక్క చట్రం ఉన్న అద్దమది. పంచెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. దారి బాగాలేక బస్సు ఎగిరినప్పుడల్లా చేతులతో ఎత్తి పట్టుకునేవాడిని. కండక్టరు పంచె తొలగించి తొంగి చూశాడు.

“అద్దానికి టికెట్ వద్దులే సారూ. దాంట్లో కనపడే మనిషికి తీసుకో,” అన్నాడు.

పాఠం రోజున వెనక బెంచీలో ముగ్గురు కూర్చున్నారు: ప్రిన్సిపాల్, ప్రొఫెసర్, మిల్లు యజమాని. బల్ల మీద జతలు రాశాను, పది జతలకు ఒక చుట్టు తిరుగుతుందని చెప్పాను. తర్వాత తాడు పైకెత్తి, దీని పురి తప్పని నేనే ముందు చెప్పాను. అద్దం పక్కన పట్టుకుని, కణంలో ఉండేది లోపల కనిపించే తాడు లాంటిదని చూపించాను. పిల్లలు తలలు పక్కకు వంచి చూశారు.

అద్దంలో ఇంకేం మారుతుందని ప్రొఫెసర్ అడిగారు. తాడులో పురి ఒక్కటే మారుతుందని, అసలు అణువులో అయితే చక్కెరలు కూడా తిరగబడతాయని, అలాంటివి కణంలో ఉండవని చెప్పాను. ఆయన తల ఊపారు. మరి సరైన పురితోనే పేనించి ఉండవచ్చు కదా అన్నారు.

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబు మాత్రం సిద్ధం చేసుకోలేదు. ఉన్నదే చెప్పాను. మా మామ ఇంట్లో నెలలు నిండిన మనిషి ఉందని, ఆ పురి పాడె తాడుదని, మా అవ్వ పేననివ్వలేదని. చెబుతుంటే నా చెవులకే అది పాఠంలా వినిపించలేదు. ప్రిన్సిపాల్ కిటికీ వైపు చూశారు. ఉద్యోగం అక్కడితో పోయిందనుకున్నాను.

మిల్లు యజమాని గొంతు సవరించుకున్నాడు.

“మా ఇంట్లోనూ పేననియ్యరు సార్,” అని ప్రొఫెసర్‌తో అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “విప్పు, సూద్దాం,” అన్నాడు.

తాడు ఒక కొస అటెండరుకు ఇచ్చి, రెండో కొసలో పోగులు విడదీయడం మొదలుపెట్టాను. నా వైపు విడివడేకొద్దీ ముందున్న తాడు బిగుసుకుని మెలికలు పడింది. మిల్లు యజమాని బెంచీలోంచి లేచి వచ్చి, ఆ మెలికను వేలితో నొక్కి చూశాడు.

“ఒకపక్క ఇప్పుతాంటే ఇంకోపక్క బిగుస్తాంది. కణంలో ఆ కొస పట్టుకుని తిప్పేదెవరప్పా?”

ఎవరూ తిప్పరని చెప్పాను. పోగును ఒకచోట కోసి, పురి వదిలించి, మళ్ళీ అక్కడే అతికించే ప్రోటీన్లు ఉన్నాయని ఈమధ్యనే కనుక్కున్నారని చెప్పాను.

“అతుకు కనపడదా?”

“కనపడదు సార్.”

“అట్లాంటిది మా మిల్లుకొకటి తెప్పించు,” అన్నాడు. పిల్లలు నవ్వారు. ప్రొఫెసర్ కూడా నవ్వారు.

అటెండరు తన కొసను మెల్లగా తిప్పుతుంటే పోగులు రెండూ పూర్తిగా విడిపోయాయి. పాత ఎర్ర పోగుకు కొత్త తెల్ల పోగు, పాత తెల్ల పోగుకు కొత్త ఎర్ర పోగు జత చేశాను. ఇద్దరు పిల్లలు వచ్చి పసుపుకు ఎదురుగా నీలం, ఆకుపచ్చకు ఎదురుగా నలుపు చూసి కట్టారు. కొసలు వదలగానే చుట్టుకున్నాయి. ఒక తాడు రెండు తాళ్ళయింది. రెంటిలోనూ ఒక పోగు పాతది, ఒకటి కొత్తది. ఇది నేను చెప్పకముందే వెనక వరస పిల్లవాడొకడు చెప్పేశాడు.

సాయంత్రం ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచి, జూన్‌లో ఏయే క్లాసులు తీసుకుంటానని అడిగారు. అడగడంలోనే జవాబు ఉంది. క్లాసుల పేర్లు చెప్పి బయటికి వచ్చి, మొదట అద్దం పగల్లేదు కదా అని చూసుకున్నాను.

వారం దాటాక ఎమ్మిగనూరు వెళ్ళాను. వదినకు కూతురు పుట్టింది. అద్దం తిరిగి గోడకెక్కింది. తాళ్ళు రెండు చూసి అవ్వ మొదట పురి పరీక్షించింది, రెండూ తాను పేనించిన పురే. ఉయ్యాలకు ఎటూ రెండు తాళ్ళు కావాలని, రెండోది పేనే పని తప్పిందని సంతోషించింది. ఉద్యోగం సంగతి ఆ తర్వాత అడిగింది.

మామ దూలానికి ఉయ్యాల కట్టాడు. కట్టే ముందు అవ్వ రంగు ముక్కలు ఒక్కొక్కటే విప్పేసింది. పసుపు పోయింది, నీలం పోయింది, ఆకుపచ్చ పోయింది. నల్లవి మాత్రం ఉంచింది.

“అవెందుకు అవ్వా?” అన్నాను.

“దిష్టికి,” అంది.

ఆకుపచ్చ ఉన్నచోట నల్లది ఉండాలి కనుక, విప్పేసిన ఆకుపచ్చలు ఎక్కడుండేవో నాకు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. బిడ్డ నిద్రపోతోంది. అవ్వ ఉయ్యాల ఒకసారి ఊపి, తాడు నిలుస్తుందని నిశ్చయించుకుని, పొయ్యి దగ్గరికి వెళ్ళింది.