మూడు మూతల నడుమ వృత్తం

బీఎస్సీ పట్టా కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో గణితానికీ నాకూ మధ్య దాపరికాలేమీ లేవని నా గట్టి నమ్మకం. (గణితం అభిప్రాయం ఎవరూ అడగలేదు.) విశాఖలో చదువు ముగించి, మా దీవిలో ఓడ దిగి, డాలీగంజ్‌లోని మా ఇంటికి చేరిన నెలకే దగ్గర్లో ఒక బడిలో లెక్కల మాస్టారి ఖాళీ పడింది. మర్నాడు పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపాలి. నచ్చితే ఉద్యోగం, లేకపోతే మళ్ళీ మా నాన్న చూపులు. అక్కడి ప్రిన్సిపాల్ మేడమ్ ప్రతి వాక్యానికీ "క్యోఁ?" అని కారణం అడుగుతారని, ఆ ఒక్క మాటకే ఇద్దరు ముగ్గురు పారిపోయారని విన్నాను.

నేను ఎంచుకున్న పాఠం, ఒకదాన్నొకటి తాకే మూడు వృత్తాలు. సాయంత్రం వంటింటి గచ్చు మీద మూడు గిన్నెల మూతలు, మూడూ మూడు సైజులవి, అంచుకు అంచు ఆనించి పెట్టాను. చుట్టూ సుద్దతో గీసి, మూతలు తీసి, నడిమి బొడిపెలున్న చోట చుక్కలు పెట్టి, ఆ చుక్కలు కలిపితే త్రిభుజం వచ్చింది. దాని మూడు భుజాలనూ తాకేలా లోపల ఒక వృత్తం గీశాను. అది సరిగ్గా మూతలు ఒకదాన్నొకటి తాకిన ఆ మూడు చోట్లనే తాకింది! పుస్తకంలో చదివిందే, అయినా ఒళ్ళు జలదరించింది. సంబంధం లేని మూడు మూతలు ముందే మాట్లాడుకున్నట్టుంది. మరి "క్యోఁ?" అంటే? పేజీన్నర రాశాను. నాకే అర్థం కాలేదు.

"ఏట్రా, ముగ్గేస్తన్నావా? మూతలియ్యి, పప్పు ఉడకట్లేదు" అంది అమ్మ.

"అక్కడే ఎందుకు తాకుతోందో తెలీట్లేదమ్మా."

ఐదో తరగతితో చదువాపిన అమ్మ గరిటె పక్కన పెట్టి, ఒక చుక్క మీద వేలుంచింది. "ఇక్కణ్ణుంచి తాకిన చోటికి ఈ పక్కకీ ఆ పక్కకీ ఒకటే దూరం. ఒకటే మూత కదేటి! మూడు మూలలా అంతే. లోపలి సున్నా కూడా ఏ మూల నుంచి చూసినా రెండు పక్కలా ఒకటే దూరంలో తాకాలి కదా, ఇంక అది, బేచారా, వేరే ఎక్కడికి పోతాది?"

నా పేజీన్నర చింపేసి, అమ్మ చెప్పిన ఆ నాలుగు ముక్కలే రాసుకున్నాను.

మర్నాడు "క్యోఁ?" రానే వచ్చింది. అమ్మ మాటల్నే హిందీలో, కాస్త గంభీరంగా అప్పజెప్పాను. మేడమ్ బోర్డు దగ్గరకొచ్చి ఆ చుక్కను వేలితో తాకి చూశారు. "యే ఆప్‌కో కిస్‌నే సిఖాయా?" అని మెల్లగా అడిగారు, ఎవరు నేర్పారని.

"విశాఖలో మా ప్రొఫెసర్ గారు, మేడమ్."

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఏటా ఆ పాఠం చెప్పి, నేర్పింది మా అమ్మేనంటాను. పిల్లలు జోకనుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఆ పట్టా వీరుణ్ణి తలుచుకుని. నిజం చెబితే ఉద్యోగం ఇవ్వరనుకున్నాడు, పాపం.