మైకుదే తప్పంతా

మదనపల్లె ధనుంజయకు ఒకటే జబ్బు. మైకు ఎక్కడ పెట్టినా, అది ఇంకో వేలెడు పక్కన ఉండాల్సిందంటాడు. తన పెళ్లిలో పురోహితుడి ముందున్న మైకును అటూ ఇటూ జరుపుతూ ముహూర్తమే దాటించాడు. "ఆ తాళేదో మైకుకే కట్టుంటే సరిపోయుండు" అని భార్య శాంతకుమారి ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంటి వెనక గదిలో గోడలకు పాత పరుపులు ఆనించి దానికి స్టూడియో అని పేరు పెట్టాడు. గిటారు మోత పెంచే యాంపు పెట్టె ముందు మైకు నిలబెట్టడానికే సగం పొద్దు పోతుంది. "స్పీకరుకు నట్టనడుమ పెడితే కీసుమంటాది. అంచుకు జరిపితే దుప్పటి కప్పుకోని పాడినట్టుంటాది. ఆ రెంటికీ మధ్యన యాడో ఉండాది సూడు, ఆడే ఉండాది పాట!" అంటాడు. ఆ 'యాడో' దొరికేలోగా గిటారు వాయించేవాళ్లకు గడ్డాలు పెరుగుతాయి.

ముసురు పట్టిన ఒక రోజు పుంగనూరు నుంచి గిటారు వాయించే మునికుమార్ వచ్చాడు. బైకు మీద నుంచి పడి ఎడమచేతి వేళ్లు విరిగాక, ఆర్కెస్ట్రాలో అతని చోటు ఇంకొకరికి పోయింది. కట్లు విప్పాక ఫోనులో రికార్డు చేసుకుని విన్నాడు. ఇంత కుంటుతున్నది తన చెయ్యేనా అని గిటారును మంచం కిందకు తోసేశాడు. ఇప్పుడు కుప్పంలో కొత్త ఆర్కెస్ట్రా వాళ్లు సాయంత్రంలోగా ఒక పాట వాయించి పంపమన్నారు.

"ఇదీ పోతే ఇంక గిటారు ముట్టనన్నా" అన్నాడు.

ధనుంజయ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. మునికుమార్ వాయించాడు. వేళ్లు పట్టేసినట్టున్నాయి.

"మైకు సరిగా లేదప్పా. ఇంకోసారి."

ధనుంజయ మైకు జరిపాడు. మునికుమార్ మళ్లీ వాయించాడు.

"ఇప్పుడు కీసుమంటాండాది. మైకుదే తప్పు. ఇంకోసారి."

"ఒకసారి వినిపించన్నా."

"మైకు కుదరకుండా ఏం వింటావప్పా?"

మధ్యాహ్నం దాటింది. శాంతకుమారి తెచ్చిన టీ తాగేవాళ్లు లేక చల్లారింది. మునికుమార్‌కు ఏడుపొక్కటే తక్కువ. సాయంత్రానికి తన బతుకు తేలిపోవాలి, ఈయనకేమో మైకు తేలడం లేదు.

చివరికి విసుగెత్తి తానే జరుపుదామని వంగాడు. మైకు వైరు రెండో కొస యాంపు వెనక ఊరికే పడి ఉంది. దాన్ని దేనికీ తగిలించలేదు.

"అన్నా! పొద్దున్నుంచీ వైరే పెట్టలేదే! యాల నన్నిట్ల ఆడిస్తాండావు?"

ధనుంజయ దొరికిపోయిన దొంగలా హెడ్‌ఫోన్లు తీశాడు. "పెట్టుంటే వినిపించమంటావు. వింటే గిటారు సంకనేసుకోని బస్టాండుకు పోతావు. పొద్దున నీ వేళ్లు కొయ్యల మాదిరి ఉండాయప్పా. వేళ్లు బాగలేవంటే లేసిపోతావు. మైకు బాగలేదంటే ఇంకోసారి వాయిస్తావు."

మునికుమార్ చెయ్యి చూసుకున్నాడు. వేళ్లు నొప్పి పెడుతున్నాయి. కానీ ఎప్పుడు వదులయ్యాయో, చివరి రెండుసార్లు ఎక్కడా తడబడలేదు. ఎంతో కోప్పడదామనుకున్నవాడు వైరు తానే తగిలించాడు.

ఈసారి వాయించింది రికార్డయింది. విన్నారు. బాగుంది. ఒక్కచోట మాత్రం తీగ గరగరమంది.

"ఆడ వేలు జారిందన్నా" అన్నాడు మునికుమార్ దిగులుగా.

"నీ వేలు కాదప్పా" అన్నాడు ధనుంజయ తడుముకోకుండా, పాటను కుప్పానికి పంపేస్తూ. "యాంపుదే తప్పు. పాతదైపోయింది."

మునికుమార్ యాంపు వైపు చూశాడు. అంగడివాళ్లు చుట్టిన ప్లాస్టిక్ కవరు దాని వెనక ఇంకా అలాగే ఉంది. బైకు మీద నుంచి పడ్డాక మొదటిసారి అతనికి నవ్వొచ్చింది.