మా అత్త ఇచ్చిన రొట్టెముక్క

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఏడేళ్లపాటు నేను ప్రభు బల్లకు, ఆ రొట్టెకూ ద్రాక్షరసానికీ దూరమైనదాన్ని. మాది ప్రత్తిపాడు దగ్గర లూథరన్ కుటుంబం, చంటిబిడ్డగా ఉన్నప్పుడే నీళ్లు చిలకరించి నాకు బాప్తిస్మమిచ్చారు, అద్దంకి వైపు బాప్టిస్టుల ఇంటికి కోడలిగా వెళ్తే అక్కడేమో నీళ్లలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకుంటేనే బల్ల అన్నారు! మునగమని మా అత్త పట్టు, ఒకసారి తీసుకున్నది చాలదా అని నా పట్టు. నెలకోసారి రొట్టె పళ్లెం కదలగానే లేచి బయట చెప్పుల దగ్గర కూర్చుని, 'ప్రభువా, నీ బల్ల దగ్గర నాకు చోటు లేదా' అని ఏడ్చేదాన్ని. ఆ ఏడుపు పోనుపోను అత్త మీద కక్షగా మారింది, చివరికి నోట ప్రార్థన కూడా రాకుండా పోయింది.

ఏడో ఏట మిరపకోతలకు మా సంఘంవాళ్లం గుంటూరు వైపు వచ్చి చేల దగ్గరే గుడిసెలు వేసుకున్నాం. మా పాస్టరుగారూ కోతకు వచ్చారు, ఆయనకూ ఇల్లు గడవాలి కదండీ. ఆదివారం కాయలు ఆరబోసిన కల్లంలోనే ఆరాధన పెట్టారు. నేను ఎప్పటిలాగే లేచి దూరంగా గట్టు మీద కూర్చున్నాను. పాస్టరుగారు చేతులు ఎంత కడుక్కుంటే మాత్రం వారం రోజుల మిరప ఘాటు వదులుతుందా! రొట్టె విరిచి ముందుగా మా అత్తకిచ్చారు, ఆమె కొంచెం నోట్లో వేసుకుందో లేదో కళ్ల వెంట ధారగా నీళ్లు, పరిశుద్ధాత్మ దిగిందనుకుని పక్కవాళ్లంతా స్తోత్రం, స్తోత్రం అన్నారు! అది మంట అని నాకు తెలిసిపోయింది. కక్ష సంగతి మరిచిపోయి చెంబుతో నీళ్లు పట్టుకుని పరుగెత్తాను. అత్త గటగటా తాగి, నన్ను చూసి, ఏడుస్తూనే నవ్వేసి, మిగిలిన ముక్క నా చేతిలో పెట్టింది.

"నువ్వూ తినవే. నేనొక్కదాన్నే మండిపోవాలా?"

పాస్టరుగారి వంక చూశాను. ఆయన వద్దనలేదు, ద్రాక్షరసం గిన్నె నా ముందుకే తెచ్చారు. నోరు భగ్గుమంది గానీ ఏడేళ్ల కక్ష అక్కడికక్కడే చల్లారిపోయింది, దేవునికే మహిమ!

ఊరికి వెళ్లాక సంఘపెద్దలు ఊరుకుంటారా? మునగని మనిషికి బల్ల ఎలా ఇచ్చారని పాస్టరుగారిని నిలదీశారు. ఆయన నోరు తెరిచేలోపే ఆడవాళ్ల వైపు నుంచి మా అత్త లేచి నిలబడింది.

"ఇచ్చింది నేనండి. తప్పయితే ఈ నెల నుంచి నన్నూ దాంతోపాటు బయట కూర్చోబెట్టండి."

పెద్దలు ఆ మాట అక్కడితో వదిలేశారు. ఆ నెల పళ్లెం వచ్చినప్పుడు నేను అత్త పక్కనే ఉన్నాను. నేనింకా మునగలేదు, ఆమె మునగమనడం మానలేదు, ఇద్దరం మాత్రం ఒకే రొట్టె తింటున్నాం. నన్ను ఇంత సంతోషపెట్టిన ప్రభువుకు వందనాలు. మీలో ఎవరినైనా ఏ సంఘమని అడిగి ఆపినవాళ్లుంటే దిగులుపడకండి, పిలిచినవాడు ఆ మాట అడగడు, ఆయన్ని నమ్మి రండి.