మోకాలి లోతు నీళ్లు

మా తమ్ముడి అల్లుడు గల్ఫ్‌లో పనిచేసేవాడు. అక్కడ లోతు తక్కువున్న సముద్రపు పాయలో, పెద్ద పతంగి లాగుతుంటే కాళ్ల కింద పలకతో నీళ్ల మీద జారే ఆట నేర్చుకున్నాడు. 2006 ఎండాకాలం సెలవుకు వస్తూ ఆ సామానంతా తెచ్చాడు.

పాల్వంచ అవతల, అడవి అంచున, వాగు మీద ఒక ఆనకట్ట ఉంది. దాని వెనక నీళ్లు పలచగా పరుచుకుని ఉంటాయి. కొత్తవాళ్లకు ఇదే మంచి చోటన్నాడు అల్లుడు. ముందురోజు నేను వెదురుకర్రతో పన్నెండు చోట్ల లోతు చూశాను. ఎక్కడా మోకాలు దాటలేదు. డైరీలో "భయం లేదు" అని రాసుకున్నాను.

తమ్ముడు పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు ఆపరేటర్. ఈ వయసులో ఆటలేమిటని మరదలు అడ్డుపడితే, "అన్న కొలిచిండు గదనే" అన్నాడు.

అల్లుడు తమ్ముడి నడుముకు బెల్టు కట్టి, పతంగి తాళ్లుండే కడ్డీ చేతికిచ్చాడు. కడ్డీ వదిలితే పతంగి బలం పోతుంది. పదిసార్లు చెప్పింది అదొక్కటే.

"జోరుగ గుంజితే ఇడిసెయ్ మామా. ఏం ఆలోచించకు."

"పతంగి ఇడిసిపెట్టుడా? మా గల్లీల గట్ల ఇడిసినోణ్ని వారం రోజులు ఏడిపిచ్చేటోళ్లం. ఏందన్నా, చెప్పవు?"

"అవ్" అని నవ్వాను. చిన్నప్పుడు వేలు తెగినా దారం వదలకపోవడమే మా ఇద్దరి గొప్ప.

అరగంట బాగానే గడిచింది. అంతలో గుట్టల సందులోంచి గాలి విసిరికొట్టింది.

"ఇడిసెయ్ మామా! ఇడిసెయ్!"

తమ్ముడు కడ్డీని ఇంకా గట్టిగా రొమ్ముకు లాక్కున్నాడు. అలా లాగితే పతంగి బలం పెరుగుతుంది. మోకాలి లోతు నీళ్లలో వాణ్ని ఈడ్చుకుపోయి ఒడ్డు మీద పడేసింది. ఆనకట్ట కట్టినప్పుడు కొట్టేసిన టేకు చెట్ల మోడులు అక్కడున్నాయి. వెన్ను మోడుకు తగిలింది. మేము వెళ్లేసరికి కూడా కడ్డీ వాడి చేతుల్లోనే ఉంది. వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

ఖమ్మం దవాఖానాలో, నడుము కింద ఇక స్పర్శ రాదన్నారు. రాలేదు.

మంచం పట్టిన రెండో ఏడు తమ్ముడు ఆ డైరీ తెమ్మన్నాడు. ఆ పేజీ చదివి వినిపించాను.

"మోడులున్నయని రాయలేదే?"

"ఒడ్డు దిక్కు పోలే తమ్మీ. నీళ్లే చూసిన."

డైరీ మూసెయ్యమన్నాడు.

"ఇడిసేటందుకు టైమున్నదన్నా. నువ్వు చూస్తున్నవని ఇడవలే."

ఆ మాట నేను డైరీలో రాయలేదు.