నిద్రలో పరుగు

మా నల్లకుక్కకు మూర్ఛ మొదలైనప్పుడు మేము చింతామణిలో కాపురం ఉన్నాము. మిట్టేమరిలో మా నాయన చేను కాసిన కుక్కకు పుట్టిన పిల్ల అది. పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్నవాటిలో అత్తగారు వంక పెట్టనిది అదొక్కటే.

ఒకరోజు వీధిలో పడిపోయి కాళ్ళు కొట్టుకుంది, నోట్లోంచి నురగ వచ్చింది. చూసినవాళ్ళు పిచ్చికుక్క అన్నారు. ఇంకోసారి వీధిలో అలా పడితే కర్రలతో కొట్టి చంపుతారని నాకు తెలుసు.

పశువుల డాక్టరు దాన్ని పది రోజులు ఆస్పత్రిలో కట్టేసి చూశాడు. “పిచ్చి కాదమ్మా, మూర్ఛ,” అని మనుషులకిచ్చే ఫినోబార్బిటోన్ అనే మత్తు మాత్రలే ఇచ్చాడు. పొద్దున అర, సాయంత్రం అర. మూర్ఛ ఆగింది. నేను ఆగలేదు. మధ్యాహ్నం నిద్రలో దాని కాళ్ళు కదిలితే చాలు, మళ్ళీ వచ్చేసిందనుకునేదాన్ని. కదలిక ఆగగానే లేపి, బెల్లంలో ఇంకో అర మాత్ర పెట్టి మింగించేదాన్ని. నిద్రపోతున్న కుక్కను లేపి నిద్రమందు పెట్టిన ఘనత నాది. నెల తిరిగేసరికి అది నిద్రలో కదలడం మానేసింది. గెలిచానని సంబరపడ్డాను.

తర్వాత తూలుతూ నడిచింది. పిలిస్తే గోడవైపు చూసేది.

“కుక్కను సాకుతాండావా, బొమ్మను సాకుతాండావా?” అన్నారు అత్తగారు. ఆ మాట నిజమైనందుకే నాకు కోపం వచ్చింది.

డాక్టరుకు అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు.

“అది మూర్ఛ కాదమ్మా. కల కంటాండాది. కలలో ఉరుకుతాండాది.”

పరదేశాల్లో పిల్లులకు, కుక్కలకు తల మీద తీగలు పెడితే మెదడులో కదలికను ఒక మిషను కాగితం మీద గీతలుగా గీస్తుందట. ఆయన ఏదో పత్రికలో చూశాడు. పెన్సిల్ తీసుకుని నాకు గీసి చూపించాడు. మెలకువలో సన్నగా, గజిబిజిగా ఉండే గీత మూర్ఛలో ముళ్ళలా లేచింది. మందు వేస్తే వెడల్పాటి అలలుగా, నిదానంగా సాగింది. మందు మరీ ఎక్కువైతే దాదాపు చదునే.

“మూర్ఛ యాది, కల యాది అని మందుకేం తెలుస్తాది? రెండిట్నీ అణిచేస్తాది. ఆ మిషను మనకాడ లేదు. ఈసారి కాళ్ళు కదిలితే పిలిచి చూడండి. కల అయితే లేస్తాది. మూర్ఛ అయితే పలకదు.”

ఆయన చెప్పిన లెక్కకే మందు క్రమంగా తగ్గించాను. వీధి తలుపు మాత్రం ఎప్పుడూ వేసే ఉంచేదాన్ని. కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం పెరట్లో దాని కాళ్ళు మళ్ళీ కదిలాయి. నా చెయ్యి మాత్రల డబ్బా మీదికి పోయింది. భయపడుతూనే చెయ్యి వెనక్కి తీసుకుని పిలిచాను.

కళ్ళు తెరిచింది. విసుగ్గా నావైపే చూసింది. తోకతో నేలను రెండుసార్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది.

అది ఏ చేలో పరిగెత్తుతూ ఉండిందో నాకు తెలుసు. మధ్యాహ్నం కునుకులో నేనూ మిట్టేమరిలో మా నాయన చేనికే పోయి వస్తుండేదాన్ని. ఆ తర్వాత కాళ్ళు కదిలినప్పుడల్లా పిలిచాను, కాకపోతే కొంచెం ఆలస్యంగా.