ఈశాన్యానికి దొర్లిన గోలీ

నేను ఇంతవరకు దేని ముందూ కొబ్బరికాయ పగలగొట్టలేదు. పెళ్లిలో కొట్టలేదు, ఇల్లు కట్టినప్పుడు కొట్టలేదు. కొత్త స్కూటర్ కొన్ననాడు షోరూం వాళ్లు చేతిలో పెడితే, టెంకాయ మీరే ఉంచుకుని హెల్మెట్ ఇవ్వండన్నాను. ఈ మాట ఎన్నో సభల్లో గొప్పగా చెప్పుకున్నాను. అలాంటి నేను చౌటుప్పల్ దాటాక హైవే పక్కనున్న ఒక హోటల్లో, ఒక ఆటమిషను కోసం కొబ్బరికాయను పందెం కాశాను.

కొత్త రాష్ట్రం వచ్చిన తొలినాళ్ల సంగతి ఇది. ఆ హోటల్ యజమాని హైదరాబాద్‌లో పాతసామాన్ల దుకాణం నుంచి ఒక పిన్‌బాల్ మిషన్ కొనుక్కొచ్చాడు. నాలుగు కాళ్ల బల్ల, పైన అద్దం, అద్దం కింద ఉక్కు గోలీ. మీట లాగి వదిలితే గోలీ పైకెక్కి, గుబ్బలకు కొట్టుకుంటూ కిందికి దొర్లుతుంది. జారిపోకముందే రెండు చిన్న రెక్కలతో మళ్లీ పైకి కొట్టాలి. తగిలినప్పుడల్లా గంట మోగుతుంది, అంకెల చక్రాలు తిరుగుతాయి. లోపల చిప్పు లేదు, కంప్యూటర్ లేదు. అంతా తీగచుట్టలు, కరెంటు తగిలితే టకటక కొట్టుకునే రిలేలు, ఇత్తడి రేకులు. పిల్లలు ఆడుతుంటే పెద్దలు ఇంకో చాయ్ తాగుతారని ఆయన ఆశ. తెచ్చిన మూడో రోజే మిషను మూగబోయింది.

అప్పటికి నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరై, నల్గొండలో హేతువాద వ్యాసాలు రాసుకుంటున్నాను. నా యవ్వనమంతా రిలేల మధ్యే గడిచింది. చాయ్ కోసం ఆగి మిషను మూత ఎత్తి చూస్తే పాత చుట్టాలను కలిసినట్టనిపించింది.

"లోపల ఏం ఖరాబ్ కాలే సారూ," అన్నాడు యజమాని. "ఇది జాగా దోషం. ప్లాట్లకు వాస్తు చూసేటాయన వచ్చి జర సరిచేసి పోయిండు. అయినా మొండికేసింది. దసరాకు పూజ చేసి కాయ కొడితెనే లేస్తది."

నా ఒళ్లు మండింది.

"మిషనుకు జాగాతోని ఏం పని తమ్మీ? నీ హోటల్ల పెట్టు, అమ్రాబాద్ అడివిల పులి పక్కన పెట్టు. యాడ పెట్టినా ఒక్క తీరే ఆడుతది."

"ఆడకపోతే?"

"గా కాయేదో నేనే కొడత. ఆడితే నువ్వు నీ నిమ్మకాయలన్నీ తీసెయ్యాలె."

గల్లాపెట్టెకు, ఫ్రిజ్‌కు, గ్రైండర్‌కు, చివరికి ఆ మిషనుకు కూడా ఆయన నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. అక్కడ టిఫిన్ చేస్తున్న మందుల కంపెనీ బస్సు డ్రైవర్లు బల్లలు చరిచారు. పందెం ఖాయమైంది.

మిషను వైరింగ్ పటం ఒకప్పుడు పెట్టె లోపల అంటించి ఉండేది. ఎలుకలు తిన్నాయి, జిగురు మరక మిగిలింది. గుడ్డ చుట్టిన తీగల రంగులు వెలిసి అన్నీ చాయ్ రంగుకొచ్చాయి. నేను ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్లేవాణ్ణి. ఒక బ్యాటరీ, ఒక టార్చి బల్బు, రెండు తీగలు. ఒక కొస ఇక్కడ ఆనించి, రెండో కొస ఎక్కడ తగిలితే బల్బు వెలుగుతుందో వెతికి నోటుబుక్కులో గీసుకునేవాణ్ణి. ఇత్తడి రేకుల మధ్య పెళ్లిపత్రిక ముక్క పెట్టి లాగితే మసి ఊడి వస్తుంది. హోటల్ గోడకు పేరుకున్న పత్రికలన్నీ చింపాను. ఎందరి శుభముహూర్తాలో నా చేతిలో నల్లబడ్డాయి. ముహూర్తాలు ఒక పనికి రావడం అదే మొదటిసారి.

పెట్టె లోపలి గోడకు ఒక ఇనుప కడ్డీకి గుండు వేలాడుతోంది, చుట్టూ ఒక రింగు. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండులా ఉంది. నోటుబుక్కులో దాని పక్కన ఇలా రాశాను: 'గుండు. ప్రయోజనం లేదు. ఎవరో మరిచిపోయారు.'

వెలుతురు కోసం మిషనును గుమ్మం దాకా లాగించి పనిచేసేవాణ్ణి. నాలుగో ఆదివారం గుమ్మంలో గంట మోగింది. రెక్కలు కొట్టాయి, అంకెలు తిరిగాయి. నేను గర్వంగా చేతులు కడుక్కొచ్చేలోపు యజమాని, దోశెల మాస్టరు దాన్ని ఎత్తి దాని పాత మూలకు చేర్చారు. అక్కడ మీట లాగితే గోలీ పైకెక్కింది గానీ రెక్కలు కదల్లేదు, గంట మోగలేదు. గోలీ దొర్లుకుంటూ ఒకే మూలకు పోయి ఆగింది.

"చూసినవా సారూ!" అన్నాడు యజమాని. "ఈశాన్యానికే పోతాంది. దానికి దిక్కులు ఎర్కే."

"చెక్క ఉబ్బింది," అన్నాను. నాకే నమ్మకం లేదు.

తర్వాతి రెండు ఆదివారాలూ అదే కథ. గుమ్మంలో ఆట, మూలలో మౌనం. మూలకు చేర్చగానే కాళ్ల చుట్టూ ఎర్రగుడ్డ కట్టేవారు. దాని వెనక వాస్తాయన ఏదో చేసిపోయాడని నాకు తెలుసు. వంగి చూడలేదు. ఆ చెత్తను చూడటమంటే దానికి విలువ ఇవ్వడమే అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా జనాన్ని 'కళ్లు తెరిచి చూడండి' అని తిట్టినవాణ్ణి, మూడడుగుల దూరంలో ఉన్న గుడ్డ ఎత్తలేదు.

దసరా ముందురోజు నేను మూలలోనే పెట్టెలో తల దూర్చి ఉంటే, యజమాని భార్య చీపురుతో వచ్చింది.

"జర జరుగుండ్రి సారూ. రోజూ ఈ ఇటికెలకు చీపురు తట్టి సస్తున్న."

"ఏ ఇటుకలమ్మా?"

ఆమె ఎర్రగుడ్డ ఎత్తింది. నైరుతి కాలు కింద రెండు ఇటుకలు, పసుపు, బొట్లతో సహా. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలని వాస్తాయన పెట్టించాడు.

ఇటుకలు లాగేశాను. మీట లాగాను. గంట మోగింది. అప్పుడు ఆ గుండు గుర్తొచ్చింది. ఎవరైనా బల్లను ఎత్తి గోలీని మోసంతో నడిపిస్తే గుండు రింగుకు తగిలి ఆట బందవుతుంది. దొంగాటను పట్టుకునే కాపలాదారు అది. ఆ సంగతి చెప్పే బల్బు ఎప్పుడో మాడిపోయింది. పాపం, ఆ గుండు వారాల తరబడి వాస్తును దొంగాటగా పట్టుకుంటూనే ఉంది.

యజమాని ఎగిరి గంతేశాడు. "జాగాల దోషముందని నేను అనలే?"

"జాగా మంచిగనే ఉండె. దోషం మీరు ఇటికెల మీద పెట్టిండ్రు," అంది భార్య. నేను నవ్వబోయాను. ఆమె నావైపు తిరిగింది. "మీరు గూడ గెలవలే సారూ. యాడ పెట్టినా ఒక్క తీరే ఆడుతదంటిరి. ఆడిందా?"

"నేనన్నది దిక్కుల గురించమ్మా..."

"దిక్కులనలే. పులి పక్కన గూడ అన్నరు," అని ఒక డ్రైవరు సాక్ష్యం చెప్పాడు.

ఎన్నో చర్చావేదికల్లో ఎదుటివాడిని అతని మాటతోనే పట్టుకున్నాను. ఇప్పుడు నా మాట నన్ను పట్టుకుంది. వాదంలో ఓడినవాడు ఓటమి ఒప్పుకోవాలి, అదే హేతువాదం. ఆమె తీర్పు చెప్పింది: ఆయన నిమ్మకాయలు తీయాలి, నేను కాయ కొట్టాలి.

వాస్తు ఇటుకనే నేల మీద పెట్టి, కాయను రెండు చేతులా ఎత్తి కొట్టాను. ఇటుక రెండు ముక్కలైంది. కాయ మీద గీత కూడా పడలేదు.

"గట్ల కాదు సారూ. చదువుకున్నోళ్లు గింతే," అంటూ ఆమె కాయ లాక్కుంది. కత్తి వెనకవైపుతో ఒక్క దెబ్బ వేసి రెండు చిప్పలు చేసి, నిమ్మకాయలు ఊడదీసిన గ్రైండర్ దగ్గరికి వెళ్లింది. వెనక యజమాని ఆట మొదలుపెట్టాడు. గంట ఆగకుండా మోగుతోంది. నేను దోశె తిని, చట్నీ రెండుసార్లు వేయించుకున్నాను.

కాబట్టి సభల్లో నేను చెప్పేది ఇప్పటికీ అబద్ధం కాదు. ఇటుక సంగతి మాత్రం ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.